మొక్కజొన్నలో జొన్నమల్లె: పీకిన చోటే మళ్లీ లేస్తోంది

నల్లరేగడి (ప్రశ్న):
55 రోజుల పైరు. అక్కడక్కడా గుంపులుగా జొన్నమల్లె (స్ట్రైగా, పైరు వేరును పీల్చి బతికే కలుపు) లేచింది. జానెడు లోపే ఉంది, పూత ఇంకా రాలేదు. ఆ జాగాల్లో మొక్కజొన్న గిడసబారింది, నేలలో తడి ఉన్నా మధ్యాహ్నానికి ఆకులు చుట్టుకుంటున్నాయి. రెండు వారాల కిందట పీకిన చోటే మళ్లీ వచ్చింది. ఇంకో దఫా యూరియా వేస్తే తేరుకుంటుందా? వచ్చే పంటగా ఏది వేయాలి? మందులు కాకుండా సాగు పద్ధతుల్లో చెప్పండి.

చాలుపక్క:
ఇప్పుడు యూరియా వేసినా ఈ పైరుకు ఒరిగేది తక్కువండి. మల్లె పైకి కనిపించకముందే వారాల తరబడి వేరును పట్టుకుని పీలుస్తుంది. చేటు చాలావరకు అప్పుడే జరిగిపోతుంది. గిడసబారిన మొక్కనొకదాన్ని పారతో మట్టిపెళ్లతో సహా లేపి, బకెట్ నీళ్లలో మెల్లగా జాడించి చూడండి. వేర్లకు తెల్లటి మొలకలు పొలుసుల్లాంటి ఆకులతో వేలాడుతుంటాయి, అతుక్కున్న చోట చిన్న బుడిపె ఉంటుంది. మీరు పీకింది పైది, కింద ఉన్నవి వంతులవారీగా లేస్తున్నాయి.

అలాగని పీకడం మానొద్దు. అది ఈ పంటను కాపాడటానికి కాదు, విత్తనం రాలకుండా ఆపడానికి. ఒక్క మొక్క వేలకు వేలు గింజలు రాలుస్తుంది. గింజ పావు మిల్లీమీటరు ఉంటుంది, దుమ్ములాగే కనిపిస్తుంది, నేలలో పదేళ్లకు పైగా బతకగలదు. తొలి పువ్వు కనిపించేలోపు, 2-3 వారాలకోసారి, కోతయ్యేదాకా పీకాలి. పూత పట్టినవాటిని గట్టున పడేయకండి, ఎండబెట్టి కాల్చేయాలి. పశువులకు అసలే వేయొద్దు, గింజ పేడలోంచి బతికే బయటికొస్తుంది. గుంటకను ఆ జాగాల్లో చివరగా నడిపి, అక్కడే మట్టి దులపండి.

వేరుమూలం:
యూరియా సంగతి కాస్త విడమరచాలి. నత్రజని, భాస్వరం చాలనప్పుడు మొక్కజొన్న వేరు స్ట్రైగోలాక్టోన్లు అనే పదార్థాలను ఎక్కువగా వదులుతుంది. మల్లె గింజ మొలకెత్తేది ఆ పిలుపు అందితేనే. కాబట్టి భాస్వరం దుక్కిలో, నత్రజని మొదటి దఫా విత్తేటప్పుడే పడాలి, మల్లె కనిపించాక కాదు. మాగిన పశువుల ఎరువు కూడా మేలే, అయితే మల్లె మేసిన పశువులది కాకూడదు.

వచ్చే పంటకు పత్తి, సోయా చిక్కుడు, అలసంద, వేరుశనగ, పొద్దుతిరుగుడుల్లో ఏదైనా సరే. ఇవి మల్లె గింజను మొలిపిస్తాయి గానీ తమ వేరును పట్టుకోనివ్వవు, మొలక ఆకలితో చస్తుంది. ఆ స్ట్రైగోలాక్టోన్లలో ఒకటైన స్ట్రైగాల్‌ను 1966లో మొదట వేరుచేసింది పత్తి వేరు స్రావం నుంచే. 1956లో అమెరికాలోని కరోలినా మొక్కజొన్న చేలలో మల్లె బయటపడ్డాక, నేలలోకి ఇథిలీన్ వాయువు ఎక్కించి సాధించింది కూడా ఈ ఉత్తుత్తి మొలకనే. సోయాలో అన్ని రకాలూ ఒకేలా మొలిపించవు, అది గుర్తుంచుకోండి.

నల్లరేగడి:
ఒక్క ఏడాది పత్తితో పోతుందా? జొన్న దట్టంగా చల్లి దున్నేయమని కూడా అంటున్నారు.

వేరుమూలం:
ఒక్క ఏడాదికి పోదు. ఆ పంట వేర్లు తాకిన మేర గింజలే మొలుస్తాయి, అవీ కొన్ని వారాలు తడిలో నాని సిద్ధమైనవే. రెండు మూడు పంటలు మార్చాకే మొక్కజొన్నకు రండి.

జొన్న పద్ధతి వేరు, అందులో మల్లె నిజంగానే అతుక్కుంటుంది. మల్లె పూతకు రాకముందే, 5-6 వారాలకల్లా దున్నేయాలి. వాన పడి రెండు వారాలు దుక్కి ఆలస్యమైతే మీరే మల్లెను సాగుచేసినట్టు. సమయానికి దున్నగలమన్న నమ్మకం లేకపోతే ఆ జోలికి పోవద్దనే చెబుతాను.

చాలుపక్క:
మొక్కజొన్న మానలేనివాళ్లకు ఇంకో దారి డెస్మోడియం అనే పప్పుజాతి పశుగ్రాసం. కెన్యాలో పుష్-పుల్ (సాళ్ల మధ్య మొక్కతో పురుగును తరిమి, చేను చుట్టూ వేసిన గడ్డికి లాగే) పద్ధతిలో మొక్కజొన్న సాళ్ల మధ్య వేసేది ఇదే. దీని వేరు మల్లెను మొలిపిస్తుంది, మొలిచినదాన్ని మొక్కజొన్న వేరుకు అతుక్కోనివ్వదు. పైగా బహువార్షికం, కోసి పశువులకు వేసుకోవచ్చు. సాళ్లు 75 సెంటీమీటర్లు, నట్టనడుమ సన్నటి గీత లాగి, ఎకరాకు కిలో విత్తనం. మరీ సన్న గింజ కాబట్టి రెండింతల సన్న ఇసుకతో కలిపి పోసి, పైన మట్టి పల్చగా కప్పాలి, లోతుగా పడితే మొలవదు. మొదటి పంటలో మెల్లగా పెరుగుతుంది, 3వ వారం, 5వ వారం కలుపు తీయకపోతే నిలవదు. కూలీలకు దాని ఆకు ముందే చూపించండి, కలుపనుకుని పీకేస్తారు.