భూమి లోపలి కోర్ (నట్టనడుమ ఉండే భాగం) గట్టిదని ఎలా తెలిసింది? మా పాపకు చెప్పాలి, సాయం చేయండి

మాది తిరుపతి, పాప తొమ్మిదో తరగతి. మొన్న కొండకు పోతూ ఘాట్ రోడ్డు పక్కన ఆ రాళ్లు చూపించాను, కింద పాత గ్రానైటు, పైన క్వార్ట్‌జైటు పొరలు, రెండింటి వయసుకూ మధ్య సుమారు 80 కోట్ల ఏళ్ల తేడా. భూమి లోపల కూడా ఇలాంటి హద్దులు ఉంటాయమ్మా అన్నాను. అక్కడి నుంచి ఒకటే ప్రశ్నలు.

రష్యాలో తవ్విన కోలా బావే 12 కిలోమీటర్ల చిల్లర, మరి ఖండాల కింద సుమారు 35 కిలోమీటర్ల లోతులో ఉండే మోహో (భూమి పైపెంకుకూ దాని కింది పొరకూ మధ్య హద్దు) ఎలా తెలిసింది అంది. 1909లో మోహోరోవిచిచ్ అనే శాస్త్రవేత్త భూకంప తరంగాల వేగం అక్కడ ఒక్కసారిగా పెరగడం గమనించాడని చెబితే ఒప్పుకుంది.

నేను ఇరుక్కున్నది ఆ తర్వాతే. భూకంప తరంగాల్లో అడ్డంగా ఊపుతూ సాగే ఎస్ తరంగాలు ద్రవంలో పోలేవు, 2900 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతాయి, అందుకే బయటి కోర్ ద్రవం అంటారు, సరే. 5150 కిలోమీటర్ల దగ్గర ఇంకో హద్దు ఉందని 1936లో ఇంగె లేమన్ అనే శాస్త్రవేత్త చెప్పింది కూడా పీ తరంగాలను (ముందుకూ వెనక్కూ నొక్కుతూ సాగేవి, ద్రవంలోనూ పోతాయి) చూసే కదా, మరి ఎస్ తరంగాలు అక్కడిదాకా చేరనప్పుడు లోపలిది గట్టిదని దేన్నిబట్టి అంటున్నారు?

ఇంకొకటి. లోపల వేడి ఇంకా ఎక్కువ కదా, ఎందుకు కరగదు అంటే ఒత్తిడి వల్ల అన్నాను. "బయటి కోర్ మీద మాత్రం ఒత్తిడి లేదా నాన్నా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

జియాలజీ చదివిన అన్నలు, అక్కలు, టీచర్లు ఎవరైనా కొంచెం వివరంగా చెప్పండి. బట్టీ పట్టించడం నాకు ఇష్టం లేదు, పాపకు నిజంగా అర్థం కావాలి. ఇంట్లో చేసి చూపించే ఉదాహరణ ఏదైనా ఉంటే అదీ రాయండి.