మబ్బు రోజున అంతర్వేదిలో వదిలిన ఎనిమిది పావురాల్లో మూడే తిరిగి వచ్చాయి: నా శిక్షణలో లోపం ఎక్కడ?

ప్రశ్న: డాబా మీద గూడు

అందరికీ నమస్కారం. మాది పాలకొల్లు దగ్గర ఒక పల్లెటూరు. ఏడాదిన్నర క్రితం చెన్నైలో పందెపు పావురాలు పెంచే ఒక పెద్దాయన దగ్గర మూడు జతల హోమర్లు, అంటే దూరంగా వదిలినా తమ గూటికి తిరిగి వచ్చే పావురాలు, కొని, డాబా మీద గూడు కట్టించి పెంచుతున్నాను. నెలన్నర పాటు గూట్లోనే ఉంచి, ఇక ఇల్లు అలవాటయిందని నమ్మి ఒక జతను వదిలితే, అవి రెండు చుట్లు తిరిగి నైరుతి దిక్కుగా వెళ్ళిపోయాయి. మళ్ళీ కనబడలేదు. మిగిలిన రెండు జతలనూ ఆ తరువాత బయటికి వదల్లేదు. వాటి పిల్లలు ఎనిమిదింటిని మాత్రం ముప్ఫై రోజుల వయసు నుంచి డాబా మీద ఎగరడానికి అలవాటు చేశాను.

వాటిని బుట్టలో పెట్టుకుని బండి మీద ముందు వీరవాసరం, తరువాత భీమవరం, ఆపైన ఆకివీడు తీసుకెళ్ళి వదిలాను. ఆకివీడు నుంచి, అంటే సూటిగా ముప్ఫై అయిదు కిలోమీటర్ల పైచిలుకు దూరం నుంచి, నేను ఇంటికి చేరేసరికే ఎనిమిదీ గూటి ముందు పలక మీద వరుసగా కూర్చుని ఉన్నాయి. ఆ రోజు నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను.

పోయిన ఆదివారం కుటుంబంతో చించినాడ వంతెన మీదుగా అంతర్వేది దర్శనానికి వెళుతూ బుట్టను కూడా కారులో పెట్టుకున్నాను. దర్శనమూ భోజనాలూ అయ్యాక, మధ్యాహ్నం మూడు గంటల వేళ అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర వదిలాను. ఆకాశం నిండా మబ్బు, సముద్రం మీది నుంచి గాలి బలంగా ఉంది. దూరం ఇరవై కిలోమీటర్లే కదా అనుకున్నాను. అవి సముద్రం వైపు చాలాసేపు చుట్లు కొట్టి, రెండు గుంపులుగా విడిపోయి కనుమరుగయ్యాయి. చీకటి పడే ముందు రెండు వచ్చాయి. మూడోది నిన్న, అంటే రెండు రోజుల తరువాత, రొమ్ము పైభాగంలో అడ్డంగా కోసుకుపోయిన గాయంతో వచ్చింది. నీళ్ళు తాగుతుంటే ఆ గాయంలోంచే నీళ్ళు, వాటితో పాటు రెండు జొన్న గింజలు బయటికి వచ్చాయి. మిగిలిన అయిదింటి జాడ లేదు.

తప్పు ఎక్కడ చేశానో, ఈ గాయపడిన దానికి ఏం చేయాలో దయచేసి చెప్పండి. వచ్చే జనవరి నాటికి ఒంగోలు నుంచి ఎగరేయాలని ఆశపడ్డాను.

సమాధానం: పశువైద్యశాల విశ్రాంత ఉద్యోగి

ముందు గాయం సంగతి చూడండి, శిక్షణ గురించి తరువాత మాట్లాడుకోవచ్చు. తాగిన నీళ్ళు గాయంలోంచి కారుతున్నాయంటే చర్మం ఒక్కటే కాదు, దాని లోపల మేత నిలవ ఉండే సంచి కూడా చిరిగింది. దీనికి పసుపు అద్ది ఊరుకుంటే పక్షి తిన్నది తిన్నట్టే బయటికి పోయి, కళ్ళముందే చిక్కిపోయి చనిపోతుంది. వెంటనే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళండి. ముందు సంచికి, తరువాత పైచర్మానికి విడివిడిగా కుట్లు వేయాలి. రెండూ కలిపి ఒకే కుట్టుగా వేస్తే సంచి చర్మానికి అతుక్కుపోతుంది. ఈ ఒక్క మాట డాక్టరు గారికి మీరే గుర్తు చేయండి, ఎందుకంటే మన ప్రాంతంలో ఆయన దగ్గరకు వచ్చేవి ఎక్కువగా గేదెలే. కుట్లు పడ్డాక కొన్ని రోజుల పాటు మేత ఒక్కసారిగా పెట్టకుండా కొద్ది కొద్దిగా, నానబెట్టిన పెసలు వంటి మెత్తనివి ఇవ్వండి.

గాయం తీరు చూస్తే అది తీగ దెబ్బ. డేగ పట్టి వదిలితే వీపు మీద గోళ్ళ గాట్లు ఉంటాయి.

సమాధానం: రావులపాలెం గువ్వల గూడు

నేను పదిహేనేళ్ళకు పైగా చెన్నైలో ఉద్యోగం చేస్తూ పందెపు పావురాలు పెంచాను. ఇప్పుడు రావులపాలెం దగ్గర సొంత ఊళ్ళో పెంచుతున్నాను. మీ పిల్లలు పోవడం నాకూ బాధ కలిగించింది. అయితే వాటి జాతిని గానీ, మీ గూటిని గానీ అనుమానించవద్దు. ఆకివీడు నుంచి ఎనిమిదికి ఎనిమిదీ వచ్చాయంటే పిల్లలు మంచివే.

మొదటి జత పోవడానికి కారణం ఇది. పెద్దయ్యాక కొన్న హోమరు, ముఖ్యంగా పుట్టిన చోట ఎగిరిన పక్షి, కొత్త ఇంటిని ఇల్లుగా ఒప్పుకోదు. నెలన్నర కాదు, రెండేళ్ళు గూట్లో ఉంచి వదిలినా పాత గూటికే బయలుదేరవచ్చు. పాలకొల్లు నుంచి చెన్నై నైరుతి దిక్కునే ఉంది కాబట్టి మీ జత దారి తప్పలేదు, తన ఇంటికి పోయింది. అలాంటి పక్షులను గూట్లోనే ఉంచి పిల్లల కోసం మాత్రమే వాడుకోవాలి. మిగిలిన రెండు జతల విషయంలో మీరు చేసింది సరైన పనే.

ఇక అంతర్వేది సంగతి. మీరు ప్రతిసారీ పడమట నుంచే వదిలారు. ఆ పిల్లలు నేర్చుకున్నది ఉదయపు సూర్యుడికి ఎదురుగా తూర్పుకు ఎగరడం. ఒక్కసారిగా దక్షిణానికి తీసుకెళ్ళి, అదీ మూడు గంటల వేళ మబ్బులో, నది సముద్రంలో కలిసే చోట వదిలారు. పావురం నీటి మీద ఎగరడానికి ఇష్టపడదు. ఒకవైపు సముద్రం, మరోవైపు వశిష్ఠ పాయ, వెనుక నుంచి నెట్టే సముద్రపు గాలి. ఆ గాలితో పాటే పోతే గూటి మీదుగా ఎప్పుడు దాటిపోయాయో కూడా తెలుసుకోలేని వయసు వాటిది. దూరం తక్కువైనంత మాత్రాన ప్రయాణం తేలిక కాదు. ఎండ ఉన్న ఉదయం నలభై కిలోమీటర్ల కంటే మబ్బు పట్టిన మధ్యాహ్నం ఇరవై కిలోమీటర్లు కష్టం.

దిక్కు మార్చేటప్పుడు దూరాన్ని మళ్ళీ మొదటికి తేవాలి. దక్షిణం వైపు అలవాటు చేయాలంటే ముందు మీ ఊరికి అయిదు కిలోమీటర్లలో రెండుసార్లు, పదిలో రెండుసార్లు, ఆ తరువాతే అంతకంటే దూరం. ఉదయం ఏడు, ఎనిమిది గంటల మధ్య ఎండ పొడిచాక వదలండి. దానికి ముందు బుట్టను నేల మీద పెట్టి, మూత తీయకుండా పావుగంటైనా ఉంచండి. బండి కుదుపులు తగ్గి, అవి మెడలు చాచి ఆకాశం చూసుకోవడం మీకే కనబడుతుంది.

అంతకంటే ముఖ్యమైనది ఆకలి. రోజుకు ఒక్కో పక్షికి ముప్ఫై గ్రాముల మేత చాలు. జొన్నలు, సజ్జలు, మొక్కజొన్న, పెసలు, బొబ్బర్లు కలిపి, గింజలు వేసిన రేకు డబ్బా గలగలలాడించాకే పెట్టండి. ఎగరాల్సిన రోజు ముందుగా పెట్టకండి. కడుపు నిండిన పావురం కొబ్బరి మట్ట మీదో, ఎవరి డాబా మీదో కూర్చుండిపోతుంది. నా చిన్న పరీక్ష ఒకటి చెబుతాను. కాళ్ళు చూపుడు వేలికీ నడిమి వేలికీ మధ్య ఇరికించి, రెక్కల కొసలు బొటనవేలి కింద పెట్టి, పక్షిని అరచేతిలో పట్టుకోండి. రొమ్ము ఎముకకు రెండు వైపులా కండ గుండ్రంగా తగలాలి, కానీ చేతిలో బరువు తెలియకూడదు. ఎముక కత్తి అంచులా తగిలితే మేత తక్కువైంది, ఎముక తగలకుండా మెత్తగా ఉంటే ఎక్కువైంది.

పక్షుల వయసెంత? రెక్కల్లో పెద్ద ఈకలు రాలుతున్నాయా? మీరు ఈ రెండు విషయాలు రాయలేదు.

ప్రశ్న అడిగినవారు: డాబా మీద గూడు

గాయపడిన దాన్ని ఈ ఉదయమే తీసుకెళ్ళాను. విశ్రాంత ఉద్యోగి గారూ, మీరు చెప్పినట్టు రెండు వరుసల కుట్లు పడ్డాయి, సాయంత్రానికి నానబెట్టిన పెసలు తింది. మీకు ఎంతో రుణపడి ఉన్నాను.

రావులపాలెం వారూ, పిల్లలకు నాలుగు నెలలు నిండాయి. ఈకల సంగతి మీరు అడిగాక రెక్క విప్పి చూశాను. తిరిగి వచ్చిన రెండింటిలోనూ లోపలి వైపు నుంచి నాలుగైదు పెద్ద ఈకలు కొత్తవి, ఒకటి సగమే పెరిగి నీలి గొట్టంలా ఉంది. ఆ రోజు కారులో అరుస్తున్నాయని మధ్యాహ్నం మేత కూడా పెట్టాను. మీరు రాసిన ప్రతి తప్పూ నేను చేశాను.

సమాధానం: రావులపాలెం గువ్వల గూడు

మిమ్మల్ని మీరు నిందించుకోకండి. నేను చెన్నైలో మొదటి ఏడాదిలో పోగొట్టుకున్నవి అయిదు కాదు, పదిహేడు. రెక్కకు పది పెద్ద ఈకలుంటాయి. అవి లోపలి నుంచి బయటికి ఒకటొకటిగా రాలి కొత్తవి వస్తాయి. ఆ సమయంలో గూటి చుట్టూ ఎగరనివ్వండి, కానీ బుట్ట ఎక్కించకండి.

ఒంగోలు మాట. మీ ఊరి నుంచి సూటిగా రెండు వందల కిలోమీటర్ల పైమాటే. ఈ మూడింటితో ఈ జనవరికి వద్దు. మీ రెండు జతలను డిసెంబరులో కలపండి. ఆడపక్షి రెండు గుడ్లు పెడుతుంది, పదిహేడు పద్దెనిమిది రోజులకు పిల్లలవుతాయి. వారం రోజుల పిల్ల కాలికి రింగు వేయాలి, ఆలస్యమైతే పట్టదు. ఆ పిల్లలు వానాకాలంలో ఈకలు మార్చుకుని, తరువాతి చలికాలానికి నిండు రెక్కలతో ఉంటాయి. అప్పుడు ఏలూరు, విజయవాడ, గుంటూరు, ఒంగోలు అంటూ ఒక్కో మెట్టూ ఎక్కించండి.

పందెంలో ముందు ఇల్లు చేరింది గెలుస్తుందని చాలామంది అనుకుంటారు. గూళ్ళు వేర్వేరు ఊళ్ళలో ఉంటాయి కాబట్టి నిమిషానికి ఎన్ని మీటర్లు ఎగిరిందన్నదే లెక్క. 138 కిలోమీటర్ల దూరంలోని గూటికి 120 నిమిషాల్లో వచ్చిన పక్షి వేగం నిమిషానికి 1150 మీటర్లు, 142 కిలోమీటర్ల గూటికి 122 నిమిషాల్లో వచ్చిన దాని వేగం 1164 మీటర్లు. రెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చిన రెండోదే గెలిచినట్టు. ఇందులో డబ్బు పందేలు మాత్రం కలపకండి. అది చట్టవిరుద్ధం, పైగా డబ్బు వచ్చిన చోట ఈకలు రాలే పక్షిని కూడా బుట్ట ఎక్కిస్తారు.

సమాధానం: భౌతికశాస్త్ర అధ్యాపకుడు, అమలాపురం

మబ్బు గురించి ఒక మాట చేరుస్తాను. పావురం సూర్యుణ్ణి దిక్సూచిగా వాడుకుంటుందని 1950లలోనే జర్మనీకి చెందిన గుస్తావ్ క్రేమర్ చూపించారు. గదిలో దీపాలతో పగలూ రాత్రీ వేళలను ఆరు గంటలు జరిపి కొన్నాళ్ళు ఉంచిన పావురాన్ని ఎండలో వదిలితే, వేళ తప్పుగా లెక్కగట్టి ఇంటి దిక్కుకు సుమారు తొంభై డిగ్రీలు పక్కకు తిరిగి బయలుదేరుతుంది. 1971లో అమెరికాలో విలియం కీటన్ పావురాలకు చిన్న అయస్కాంతాలు కట్టి వదిలారు. ఎండ రోజున అవి సరిగానే బయలుదేరాయి, మబ్బు రోజున దిక్కు తెలియక చెదిరిపోయాయి. అంటే సూర్యుడు కనబడనప్పుడు భూమి అయస్కాంత క్షేత్రం మీద ఆధారపడతాయన్నమాట. ఇటలీలో ఫ్లోరియానో పాపి బృందం గాలి మోసుకొచ్చే వాసనలు కూడా దారి చెబుతాయని చూపింది. మీ పిల్లలకు ఆ రోజు సూర్యుడు లేడు, గాలి సముద్రం నుంచి వస్తోంది. ముందెన్నడూ చూడని తీరం.

పొరుగున ఉన్న ఒడిశాలో పోలీసు శాఖ 1946 నుంచి దశాబ్దాల పాటు పావురాలతో వార్తలు పంపింది. 1999 పెనుతుపానులో ఫోన్లు పడిపోయినప్పుడు కూడా అవి పనికివచ్చాయి. మేత ఒక చోట, గూడు మరో చోట పెట్టి రెండు వైపులా ఎగిరేలా నేర్పే పద్ధతి కూడా వారికి ఉండేది. తుపాన్ల మధ్య పెరిగిన కోనసీమవాడిగా నాకు ఆ సంగతి ఎప్పుడూ గుర్తుకు వస్తుంది.

సమాధానం: మలికిపురం నుంచి

ఆ గాయానికి కారణం మా వైపు చేపల, రొయ్యల చెరువులే అయి ఉండవచ్చు. కొంగలూ నీటికాకులూ దిగకుండా చెరువుల మీద అడ్డంగా సన్నని నైలాన్ తాళ్ళు కడతారు. మబ్బులో, తక్కువ ఎత్తులో ఎగిరే పక్షికి అవి కనబడవు. దాహం వేసి నీటికి దిగబోయినా అంతే. సంక్రాంతికి గాలిపటాల దారాల బెడద వేరుగా ఉంటుంది, ఆ పది రోజులు ఎవరూ పావురాలను దూరం నుంచి వదలకండి.

మరో సంగతి. దారి తప్పిన హోమరు సాధారణంగా ఊర పావురాలతో కలిసి గుడి గోపురాల మీదో, రైసు మిల్లుల దగ్గరో దిగుతుంది. మా ఊళ్ళో, రాజోలులో పావురాలు పెంచేవాళ్ళు నాకు తెలుసు. మీ అయిదింటి రంగులూ రింగుల గుర్తులూ ఇక్కడ రాయండి. రేపు ఉదయమే మిల్లుల వైపు వెళ్ళి చూస్తాను.

ప్రశ్న అడిగినవారు: డాబా మీద గూడు

అయిదింటికీ ఎడమ కాలికి ఆకుపచ్చ ప్లాస్టిక్ రింగు ఉంది. రెండు నీలం మీద నల్ల పట్టీలవి, రెండు చుక్కలవి. అయిదోది ఎర్రది, దాని కుడి రెక్కలో చివరి ఈక తెల్లగా ఉంటుంది. దొరికితే దయచేసి అక్కడి నుంచి ఎగరేయకండి, నీళ్ళు పెట్టి ఉంచండి. నేనే బుట్ట తీసుకుని వస్తాను.