వరుసలో ఇద్దరి మధ్య నలుగురుంటే మొత్తం ఎందరో తేలినట్టేనా?

ఆమదాలవలస అభ్యర్థి:
శ్రీకాకుళంలో నేను బ్యాంకు పరీక్షలకు శిక్షణ తీసుకుంటున్న చోట మొన్న పెట్టిన నమూనా పరీక్షలో, డేటా సఫిషియెన్సీ విభాగంలో, అంటే ఇచ్చిన ప్రకటనలు జవాబు తేల్చడానికి సరిపోతాయా లేదా అని మాత్రమే అడిగే విభాగంలో, వచ్చిన ఒక ప్రశ్న ఇది. రథసప్తమి నాడు అరసవల్లిలో దర్శనానికి ఒకే వరుసలో నిలబడినవారు మొత్తం ఎంతమంది? మొదటి ప్రకటన: అప్పన్న ముందు నుంచి 14వ వాడు, పైడిరాజు వెనుక నుంచి 17వ వాడు. రెండో ప్రకటన: వారిద్దరి మధ్య నలుగురు ఉన్నారు. రెండు ప్రకటనలూ కలిపితే సరిపోతుందని, 14, 4, 17 కూడితే 35 వస్తుందని కీలో ఇచ్చారు. రెండూ కలిపినా సరిపోదని గుర్తించినందుకు నాకు మార్కు రాకపోగా పావు మార్కు కోత కూడా పడింది. ఎవరు ముందో చెప్పనప్పుడు కూడడమే పద్ధతి అని మా మాస్టారు అంటున్నారు. ఆ పద్ధతి ఎక్కడిదో తెలిసినవారు చెప్పగలరు.

విజయనగరం రీజనింగ్ మాస్టారు:
మీ మాస్టారి మాటను నేను సమర్థిస్తాను. బ్యాంకు ఆఫీసర్ల ఎంపికకు పెట్టే ఐబీపీఎస్ పీవో ప్రిలిమ్స్‌లో రీజనింగ్ 35 ప్రశ్నలకు 20 నిమిషాలే ఇస్తారు కనుక ఒక్కో ప్రశ్నకు అర నిమిషం కన్నా కాస్త ఎక్కువ మాత్రమే దక్కుతుంది. ముందు నుంచి లెక్కించినవాడిని ముందు వైపున, వెనుక నుంచి లెక్కించినవాడిని వెనుక వైపున ఊహించుకోవడం సహజం. ప్రశ్న తయారుచేసేవారు కూడా ఎక్కువగా ఆ ఊహతోనే రాస్తారు. ప్రతి ప్రశ్నలోనూ వారి స్థానాలు తారుమారైతే ఏమిటని ఆలోచిస్తూ కూర్చున్న విద్యార్థి పదిహేను ప్రశ్నలు కూడా దాటలేడని నా తరగతి అనుభవం.

బొబ్బిలి లెక్కల టీచరు:
మాస్టారూ, మీరు చెప్పిన ఊహ మామూలు ర్యాంకింగ్ ప్రశ్నకు కొంతవరకు పనికొస్తుంది. అక్కడ ఎంపికలలో 35 ఒక్కటే కనబడితే దానిని గుర్తించి ముందుకు సాగవచ్చు, ఎందుకంటే మన సందేహాన్ని ఎంపికలే తీరుస్తాయి. ఇక్కడ అంకెల ఎంపికలు ఉండవు. ఇచ్చిన సమాచారానికి లొంగే రెండో జవాబు ఏదైనా ఉందా అన్నదే ఈ రకం ప్రశ్న అడిగేది. ఆ వెతుకులాటనే వదిలేస్తే ఇక మనం సాధించినది కూడిక ఒక్కటే.

రెండో జవాబు నిజంగా ఉన్నదో లేదో చూద్దాం. పైడిరాజు అప్పన్నకు ముందే నిలబడి, మధ్యలో నలుగురు ఉన్నారనుకోండి. అప్పుడు పైడిరాజుది ముందు నుంచి 9వ స్థానం. వెనుక నుంచి 17వ వాడు కనుక అతని వెనుక 16 మంది ఉంటారు, మొత్తం 25. ఆ 25 మందిలో అప్పన్న 14వ వాడు కావడానికి ఏ అడ్డూ లేదు. 35 ఎంత నిజమో 25 కూడా అంతే నిజం కనుక, రెండు ప్రకటనలూ కలిపినా సమాచారం చాలదు. అభ్యర్థి గారి జవాబే సరైనది.

సమయం సంగతి కూడా చెబుతాను. మధ్యనున్నవారి సంఖ్యకు రెండు కలపండి. ఇచ్చిన రెండు స్థానాలూ ఆ సంఖ్యకు సమానంగా గాని, అంతకన్నా ఎక్కువగా గాని ఉంటే తారుమారు సాధ్యమే, కాబట్టి జవాబులు రెండు. ఏ ఒక్కటి తక్కువైనా తారుమారు కుదరదు, అప్పుడు నిశ్చింతగా కూడుకోవచ్చు. ఇక్కడ ఆ సంఖ్య 6. 14, 17 రెండూ దాన్ని దాటాయి. ఇది చూడడానికి అయిదు సెకన్లు చాలవా?

ఊహలు మరో దారిలో కూడా చొరబడతాయి. రైల్లో ఎవరు ముందు దిగారన్న ప్రశ్న వస్తే, చీపురుపల్లి తరువాత పొందూరు, ఆ తరువాత శ్రీకాకుళం రోడ్డు వస్తాయని తెలిసిన మన పిల్లలు, ప్రకటనలో లేని ఆ వరుసను తామే కలిపేసుకుంటారు. రైలు ఏ దిక్కుకు పోతోందో కూడా ఎవరూ చెప్పలేదన్నది వారికి తోచదు!

పాలకొండ డిగ్రీ విద్యార్థి:
ఇదే సందర్భంలో ఒక చిన్న సందేహం. గౌరి కంటే లక్ష్మి పెద్దదా అని అడిగి, లక్ష్మి రెండేళ్లు ఆలస్యంగా పుట్టిందని ప్రకటన ఇస్తే, జవాబు కాదు అని వస్తుంది కదా. దానిని సరిపోయినట్టు లెక్కించాలా?

బొబ్బిలి లెక్కల టీచరు:
లెక్కించాలి. కాదు అన్నది కూడా ఖచ్చితమైన జవాబే. కావచ్చు, కాకపోవచ్చు అన్నప్పుడే సమాచారం చాలనట్టు.

విజయనగరం రీజనింగ్ మాస్టారు:
టీచర్ గారూ, 25 గురించి మీరు చూపినది కాదనలేను. ఆ కీ తప్పే. అయితే నా భయం వేరొక వైపు నుంచి. రెండో అమరిక వెతకండి అని పిల్లలకు చెబితే, వారు మొత్తం వరుస స్థిరపడేదాకా పెన్సిల్ దించరు. అయిదుగురిలో అందరికన్నా పొడవైనది ఎవరన్న ప్రశ్న తీసుకోండి. రాము సోముకన్నా, భీముకన్నా పొడవని ఒక ప్రకటన, గోపి సోముకన్నా, శ్రీను భీముకన్నా పొట్టి అని మరొకటి ఇచ్చారనుకుందాం. విడివిడిగా రెండూ చాలవు; కలిపితే రాము అందరికన్నా పొడవని తేలిపోతుంది. సోము, భీములలో ఎవరు పొడవో చివరిదాకా తేలదు, తేలనక్కరలేదు. వరుస పూర్తిగా రాలేదని దీనిని చాలదు అని గుర్తించేవారిని నేను ప్రతి బ్యాచ్‌లోనూ చూస్తున్నాను.

బొబ్బిలి లెక్కల టీచరు:
అందులో మీతో నాకు పేచీ లేదు మాస్టారూ. రెండో అమరిక కాదు, రెండో జవాబు వెతకమనే నేను అన్నది. అమరికలు పది ఉండనివ్వండి, పదింటిలోనూ రామే పొడవైతే చాలు.

ఆమదాలవలస అభ్యర్థి:
ఈ చర్చను ఈ రోజు మా మాస్టారికి చూపించాను. కాసేపు కాగితం మీద 9, 16 వేసి చూసుకుని, కంప్యూటర్‌లోని ప్రశ్నపత్రం తెరిచి, అప్పన్న స్థానం 14ను 5గా మార్చారు. అయిదు ఆరుకన్నా తక్కువ కనుక ఇప్పుడు మొత్తం 26 మాత్రమే వస్తుంది, రెండూ కలిపితే సరిపోతుందన్న కీ జవాబు అలాగే నిలిచింది, అందులోని 35 మాత్రం 26 అయింది. నా పావు మార్కు మాత్రం తిరిగి రాలేదు.