'బీభత్సంగా ఉంది' అంటే నచ్చినట్టా, నచ్చనట్టా?

మిత్రులందరికీ నమస్కారం.

మేం ఓ పదిమందిమి నెలకో పాత నవల తీసుకుని కలిసి చదువుకుంటున్నాం. ఈ నెల దాసరి సుబ్రహ్మణ్యం గారి 'శిథిలాలయం' వంతు వచ్చింది. చందమామలో సీరియల్‌గా వచ్చినప్పుడే చదివినవాళ్ళు మాలో ముగ్గురున్నారు. మిగతావాళ్ళు ఇప్పుడు పుస్తకంలో మొదటిసారి చదువుతున్నారు. చదవడం అయ్యాక ఎవరి అభిప్రాయం వాళ్ళు ఒకటి రెండు వాక్యాల్లో రాయడం మా అలవాటు. ఇంజనీరింగ్ చదువుతున్న అబ్బాయి అందరికంటే ముందు రాశాడు: "బీభత్సంగా ఉంది. రాత్రి ఒక్క బిగిన చదివేశా."

ఆ కథంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం పెట్టే పెద్దావిడ ఒకరున్నారు మాలో. ఆవిడ నొచ్చుకున్నారు. "అదేంటి నాయనా, అంత రోత పుట్టించేది ఏముంది అందులో? మేం పదేళ్ళ వయసులో చదివాం" అన్నారు. ఇంతలో సంస్కృతం చెప్పి రిటైరైన మాస్టారు నవరసాల లెక్కలో కలగజేసుకుని, "ఇందులో బీభత్సం ఎక్కడుందమ్మా? కథానాయకులు శిఖిముఖి, విక్రమకేసరి చేసేదంతా వీరం, ఎదురయ్యేదంతా అద్భుతం. పిల్లల పత్రిక కదా, రచయిత బీభత్సం జోలికి పోలేదు" అన్నారు.

అరగంట సేపు ముగ్గురూ ఒకే మాట పట్టుకుని మూడు వేరువేరు సంగతులు మాట్లాడారు. చివరికి ఆ అబ్బాయి "చాలా బాగుందనే కదండీ నేనన్నది" అని రాస్తే, పెద్దావిడ కాసేపటిదాకా ఏమీ రాయలేదు. అప్పటి నుంచి ఈ మాట నన్ను వదల్లేదు. అందుకే ఈ మాట గురించి ఇంతకుముందు మిమ్మల్ని అడిగాను. మీరు రాసినవాటితో కలిపి ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను.

ముందు స్పెల్లింగ్ సంగతి. మనలో చాలామంది దీన్ని 'భీభత్సం' అని రాస్తాం. నేనూ చాలాకాలం అలాగే రాశాను. భయం, భీతి, భీకరం, భీషణం వరసలో ఇది కూడా ఒకటనిపిస్తుంది కాబట్టి చెయ్యి అటే పోతుంది. నిజానికి దీనికీ భయానికీ చుట్టరికం లేదు. ఇది 'బధ్' అనే ధాతువు నుంచి వచ్చింది, ఈ మాటకు అసలు అర్థం రోత పుట్టించేది అని. 'సన్' అనే ప్రత్యయం చేరినప్పుడు ధాతువులో మొదటి అక్షరం రెండుసార్లు పలుకుతుంది. చివరి 'ధ' కాస్తా 'త'గా మారుతూ, తన ఒత్తును ముందున్న 'బ' మీదికి తోసేస్తుంది. అలా బీ-భత్-స అయింది. ఒత్తు రెండో అక్షరానికే, మొదటిదానికి లేదు. ఏవగింపు అనే అర్థమున్న 'జుగుప్స' కూడా ఇదే ప్రత్యయంతో, ఇదే పద్ధతిలో తయారైన మాట. దాని మూలం 'గుప్', కాపాడుకోవడం, దాచుకోవడం. కుళ్ళిన వాసన తగిలినప్పుడు మనిషి చేసే మొదటి పని ముక్కు మూసుకుని మొహం తిప్పుకోవడమే కదా. ఆ పని ఈ మాటలోనే ఉంది.

అలంకారశాస్త్రం బీభత్స రసానికి జుగుప్సనే స్థాయీభావంగా, అంటే ఆ రసానికి మూలమైన భావంగా చెప్పింది. భయానకానికి స్థాయి భయం. రెండూ వేరు. ఈ తేడా సాహస నవలలు చదివేవాళ్ళకు చాలా పనికొస్తుందని నా నమ్మకం. ఒక ఉదాహరణ చెబుతాను. విక్రమార్కుడు చెట్టు మీది శవాన్ని దించి భుజాన వేసుకుని శ్మశానం వైపు నడుస్తాడు. ఎన్ని తరాల పిల్లలు చదివారో ఆ ఘట్టం. శవం ఉంది, శ్మశానం ఉంది, అర్ధరాత్రి ఉంది. అయినా ఎవరికీ వాంతి రాలేదు. అది భయానకం. అదే ఘట్టంలో భుజం మీది శవం చెమ్మగా చొక్కాకు అంటుకుంటోందని, నడుస్తుంటే దాని వేళ్ళు వీపుకు తగిలి చర్మం ఊడి వస్తోందని ఒక్క వాక్యం రాయండి. అదీ బీభత్సం. చదివేవాడు పుస్తకం కాస్త దూరంగా పట్టుకుంటాడు. భయం వేస్తే పేజీ తిప్పుతాం, రోత పుడితే పేజీ మూస్తాం. ఈ రెండింటి మధ్య కథను ఎక్కడ నడపాలో తెలిసినవాడే ఈ రకం నవల రాయగలడు.

నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పిన ఒక శ్లోకం మాస్టారు గుర్తుచేశారు:

శృంగారాద్ధి భవేద్ధాస్యో రౌద్రాచ్చ కరుణో రసః ।
వీరాచ్చైవాద్భుతోత్పత్తిర్బీభత్సాచ్చ భయానకః ॥

శృంగారం నుంచి హాస్యం, రౌద్రం నుంచి కరుణ, వీరం నుంచి అద్భుతం, బీభత్సం నుంచి భయానకం పుడతాయని. రెండో పంక్తి మళ్ళీ ఒకసారి చదవండి. వీరుడు సాహసం చేస్తాడు, అద్భుతం కనబడుతుంది. రోత పుట్టించేది ఎదురవుతుంది, దాని వెనకే భయం వస్తుంది. ఇవాళ 'డార్క్ ఫాంటసీ' అని పిలుస్తున్న, వింతలతో భయపెట్టే నవలలన్నీ ఈ ఒక్క పంక్తిలో ఉన్నాయి. నాకిది చదివి ఒళ్ళు జలదరించింది. భయానకానికి భరతుడు చెప్పిన రంగు కూడా నలుపే. బీభత్సానికి నీలం.

ఇది మనకు కొత్త కూడా కాదు. 16వ శతాబ్దంలో పింగళి సూరన రాసిన కళాపూర్ణోదయం తీసుకోండి. మణిస్తంభుడనే సిద్ధుడు సింహం మీద ఆకాశంలో తిరుగుతుంటాడు. కలభాషిణిని అమ్మవారి గుడికి తీసుకుపోయి బలి ఇవ్వాలని చూస్తాడు. పరీక్ష కోసం చదివితే ఈ చీకటి పక్క కనబడదు. ఒకసారి నవలలాగా చదివి చూడండి.

ఇక ఈ మాట ఎలా మారిందో మీరు చెప్పినవాటిలో నాకు బాగా పనికొచ్చినవి కిందికి తెస్తున్నాను.

పాతికేళ్ళు పత్రిక డెస్క్‌లో పనిచేసిన నెల్లూరు మిత్రుడొకరు రాసింది:

"మా దగ్గర ఇది రోజూ వాడే మాటండి. తుపాను బీభత్సం, ఏనుగుల బీభత్సం, లారీ బీభత్సం. తుపాను తీరం దాటిన రాత్రి ఎడిషన్‌కు టైమ్ అయిపోతుంటుంది. ఎంతమంది పోయారో, ఎన్ని ఇళ్ళు కూలాయో ఇంకా తెలియదు. అంకె లేకుండా పెద్ద నష్టం జరిగిందని చెప్పే మాట కావాలి, హెడింగ్‌లో పట్టాలి. అప్పుడు మాకు దొరికింది ఇదే. అసహ్యం అనే అర్థం ఎవరికీ గుర్తు కూడా రాదు."

ఇది చదివాక నాకు చాలా చిక్కులు విడిపోయాయి. శాస్త్రంలో ముక్కు మూయించిన మాట, పేపర్లోకి వచ్చేసరికి వాసన పోగొట్టుకుంది. దానికి మిగిలింది పరిమాణమే. ఎంత పెద్దదో చెబుతుంది, మంచో చెడో చెప్పదు. అక్కడి నుంచి కుర్రాళ్ళ నోట్లోకి రావడం ఎంతసేపు? 'బీభత్సంగా నచ్చింది' అంటే లెక్కకు అందనంత నచ్చిందని.

దీనికి తోడు ఇంకో సంగతి గమనించాను. 'దారుణంగా ఉంది', 'ఘోరంగా ఉంది' అంటే ఇవాళ్టికీ బాగోలేదనే అర్థం. సినిమా దారుణంగా ఉందన్న కుర్రాడెవడూ మళ్ళీ టికెట్ కొనడు. ఆ రెండు మాటల్లో ఇంకా జాలీ ఫిర్యాదూ ఉన్నాయి. 'అయ్యో, ఎంత దారుణం', 'ఘోరం జరిగిపోయింది' అని ఇంట్లో ఇప్పటికీ అంటాం. రోజూ బాధతో పలికే మాట పొగడ్తగా మారడం కష్టం. బీభత్సాన్ని మన ఇళ్ళల్లో ఎవరూ ఏడుస్తూ అనలేదు. అది శాస్త్రంలోనో పేపర్లోనో ఉండేది. అందుకే అది తేలిగ్గా అటు జరిగిందని నా ఊహ. ఒప్పుకోనివాళ్ళు రాయండి.

హైదరాబాద్ పాతబస్తీలో పెరిగిన ఒక అమ్మాయి ఇలా రాసింది:

"మాకు దీంట్లో వింతేం లేదు. ఖతర్నాక్ అంటే ప్రమాదకరమనే కదా అసలు అర్థం. 'ఖతర్నాక్ ఉంది రా పిక్చర్' అంటే మా ఇంట్లో నానమ్మకు కూడా బాగుందనే అర్థమైతది. భయపెట్టేదే కదా గుర్తుండేది."

ఆ చివరి వాక్యం నేను పుస్తకంలో రాసుకున్నాను.

ఒక అనువాదకురాలు అడిగిన ప్రశ్న కొంచెం కష్టమైనది. ఆవిడ పైన చెప్పిన డార్క్ ఫాంటసీ రకం సాహస నవల ఒకదాన్ని తెలుగులోకి తెస్తున్నారు. వెనక అట్ట మీద దాన్ని ఏమని చెప్పాలి, 'చీకటి అద్భుతగాథ' అంటే బాగుంటుందా అని అడిగారు.

నాకైతే వద్దనిపిస్తుందమ్మా. తెలుగులో చీకటి ఇంకో మాట పక్కన చేరితే భయం రాదు, గుట్టు వస్తుంది. చీకటి వ్యాపారం, చీకటి ఒప్పందం అంటాం కదా, అక్కడ ఎవరూ జడుసుకోరు, ఎవరో ఏదో దాస్తున్నారని అనుకుంటారు. చీకటి అద్భుతగాథ అని అట్ట మీద చూస్తే, దాచిపెట్టి అమ్మే పుస్తకమేమో అనుకునే ప్రమాదం ఉంది. 'అభూతకల్పన' అంటే ఇంకా నష్టం. రాజకీయ నాయకులు తమ మీది ఆరోపణలను కొట్టిపారెయ్యడానికి వాడే మాట అయిపోయిందది. మంచి నవలకు ఆ పేరు పెడితే అబద్ధాల పుట్ట అన్నట్టు ఉంటుంది. 'జానపద నవల' అంటే చందమామ చదివినవాళ్ళకు వెంటనే బొమ్మ కడుతుంది, చిత్ర గారు వేసిన మాంత్రికుల మొహాలతో సహా. కానీ మీ నవలలో కత్తులూ కోటలూ ఉన్నా అది మన జానపదం కాదు కదా.

నా సలహా 'భయానక సాహస నవల' అని. నోరు తిరుగుతుంది, ఏం కొంటున్నామో తెలుస్తుంది. బీభత్సం అనే మాటను మాత్రం అట్ట మీద పెట్టకండి. అరవై దాటినవాళ్ళు ఒక రకంగా, ఇరవై లోపువాళ్ళు ఇంకో రకంగా అర్థం చేసుకుంటారు. మా గుంపులో జరిగింది చూశారుగా. లోపల, నిజంగా పుస్తకం దూరంగా పట్టుకోవాల్సిన పేజీలు వచ్చినప్పుడు, ఆ పేజీల గురించి మాట్లాడేటప్పుడు ఆ మాటను దాని పాత అర్థంలో వాడుకుందాం. ఆ అర్థం కూడా బతకాలని నాకు గట్టిగా ఉంది. కుర్రాళ్ళను తప్పుపట్టక్కర్లేదు, మాస్టారిని పాతకాలం మనిషి అనక్కర్లేదు.

ఇంకొక్కటి. దీనికోసం వెతుకుతుంటే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. వానాకాలం సెలవుల్లో ఆవిడ ఇంట్లో, బైండు చేయించిన చందమామల కట్ట ముందేసుకుని మంచం కింద కూర్చుని చదివేవాణ్ణి. మంచం కిందే ఎందుకంటే అక్కడ చదివితే ఇంకా భయం వేసేది. ఉరిమిందంటే అమ్మమ్మ వంటింట్లోంచే మొదలుపెట్టేది: "అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ, శ్వేతవాహనా, బీభత్సా, విజయా, కృష్ణా, సవ్యసాచీ, ధనంజయా." పిడుగు మన మీద పడదని ధైర్యం. ఆ 'బీభత్సా' దగ్గర ఆవిడ గొంతు కొంచెం పెరిగేది. భయంకరమైన పేరు కాబట్టి పిడుగు దానికే జడుస్తుందని నేను అనుకునేవాణ్ణి.

అసలు సంగతి విరాటపర్వంలో ఉంది. జమ్మిచెట్టు దగ్గర ఉత్తరుడికి బృహన్నల తానే అర్జునుణ్ణని చెబితే అతను నమ్మడు. అయితే పది పేర్లూ, వాటి అర్థాలూ చెప్పమంటాడు. అప్పుడు అర్జునుడు ఈ పేరు గురించి చెప్పేది ఇది: యుద్ధంలో రోత పుట్టించే పని ఏనాడూ చెయ్యను కాబట్టి దేవతలూ మనుషులూ నన్ను బీభత్సుడంటారు. అంటే భయపెట్టేవాడు కాదు, అసహ్యమైన పని అంటే తనే అసహ్యించుకునేవాడు. అమ్మమ్మ ఉన్నన్నాళ్ళూ ఇది నాకు తెలియదు. తెలిసి ఉంటే ఆవిడకు చెప్పి ఉండేవాణ్ణి.

మా పెద్దావిడకు ఈ కథ రాసి పంపాను. రాత్రి ఫోన్ చేశారు. వాళ్ళ ఊళ్ళో ఈ వరసలో 'బీభత్సా' లేదట, 'పార్థా, కిరీటీ' తర్వాత నేరుగా 'విజయా'కు వెళ్ళిపోయేవారట. కృష్ణా జిల్లాలో ఒక పల్లె అది. మీ ఇళ్ళల్లో ఉరిమినప్పుడు ఏ వరసలో చెప్పేవారు? ఈ పేరు ఉందా, జారిపోయిందా? ఉంటే దాన్ని 'బీ' అనేవారా, 'భీ' అనేవారా? ఊరి పేరుతో సహా కింద రాయండి.