ఎంఆర్ఐ రిపోర్టులో వైట్ మ్యాటర్ మచ్చలు: మా నాయినది మతిమరుపేనా?

ప్రశ్న (హాలియా ఎరువుల కొట్టు)

అందరికీ నమస్తే. మా నాయినకు 71 ఏళ్లు. సాగర్ ఎడమ కాలువ మీద ముప్పై ఏళ్లు లష్కర్‌గా (కాలువ నీళ్లు చూసే పనిలో) చేసి రిటైరయ్యాడు. రెండేళ్ల నుంచి మనిషి బాగా నెమ్మదయ్యాడు. నడుస్తుంటే పాదాలు నేలకు అంటుకున్నట్టు జరుపుతాడు. మాట అడిగితే జవాబు చెప్తాడు, కాకపోతే మనం ఇంకో పనిలో పడ్డాక చెప్తాడు. కొట్లో యూరియా బస్తాల లెక్క ఆయనే చూసేవాడు. ఇప్పుడు మధ్యలో ఫోన్ మోగితే చాలు, లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

విచిత్రం ఏందంటే, మరిచిపోవడం మాత్రం లేదు. ఏ తూము కింద ఎవరి మడి, ఏ ఏడు నీళ్లు రాలేదు, రాత్రిపూట షట్టర్ ఎత్తిందెవరు, అన్నీ పేర్లతో సహా చెప్తాడు. (ఆ పేర్లు ఇక్కడ రాస్తే ఊళ్లో పంచాయితీ అవుతుంది.)

ఎంఆర్ఐ తీయించాం. మెదడు లోపలి గదుల చుట్టూ, ఇంకా లోతున, వైట్ మ్యాటర్‌లో తెల్ల మచ్చలున్నాయని, ఫజెకాస్ గ్రేడ్ 2 అని రాశారు. చూసిన డాక్టరు ‘వయసుతో వచ్చేదే’ అని రెండు నిమిషాల్లో పంపించాడు. మా చుట్టం ఒకాయన మాత్రం అల్జీమర్స్, అంటే మతిమరుపు జబ్బు అని తేల్చేశాడు. చుట్టాలకు ఎంఆర్ఐ కూడా అక్కర్లేదు కదా. ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది.

అసలు ఈ వైట్ మ్యాటర్ అంటే ఏంది? మచ్చలు పోతాయా? బీపీ ఉంది. గోలీ నాలుగు రోజులు వేసుకుంటే రెండు రోజులు మానేస్తాడు.

జవాబు 1 (పాలమూరు స్కానింగ్)

తమ్ముడూ, నేను మహబూబ్‌నగర్‌లో స్కానింగ్ సెంటర్లో టెక్నీషియన్‌ను, డాక్టర్‌ను కాదు. కానీ ఈ మాట రోజూ రిపోర్టుల్లో చూస్తా.

మెదడు పైపొర బూడిద రంగులో ఉంటుంది, నరాల కణాలుండేది అక్కడ. దాని కింద తెల్లగా కనిపించేదంతా ఆ కణాలను ఒకదానితో ఒకటి కలిపే తీగలు. తీగల మీద మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది, ఆ తెలుపు దానిదే. తొడుగున్న తీగలో కబురు సెకనుకు 100 మీటర్ల దాకా పోతుంది. తొడుగు లేని సన్న తీగలో 1 మీటరు చుట్టుపక్కలే. ఈ తీగలు వయసుతో తగ్గేది నిజమే. డెన్మార్క్ పరిశోధకులు 2003లో లెక్కగట్టారు: 20 ఏళ్ల మగవాడి మెదడులో తొడుగున్న తీగలన్నీ వరసగా పరిస్తే దాదాపు 1,76,000 కిలోమీటర్లు, 80 ఏళ్లకు దాదాపు 97,000.

కానీ మచ్చల సంగతి వేరు, అది రక్తం అందకపోవడం. మీ నాయినకైతే ఒక్క మాటలో అర్థమవుతుంది: లోతున ఉన్న వైట్ మ్యాటర్ చివరి ఆయకట్టు. అక్కడికి పోయే రక్తనాళాలు సన్నవి, పొడుగువి. ఏళ్ల తరబడి బీపీ ఉంటే వాటి గోడలు మందమై బిరుసెక్కుతాయి. పైన కాలువ నిండుగానే పారుతుంటుంది, చివరి మడులు ఎండుతుంటాయి. ఫజెకాస్ అనేది 0 నుంచి 3 దాకా ఉండే కొలత. 2 అంటే లోతున ఉన్న మచ్చలు ఒకదాన్నొకటి కలుసుకోవడం మొదలైందన్నట్టు.

మెదడు ముందుభాగానికి పోయే తీగలు దెబ్బతింటే ముందు పోయేది వేగం, ఒక పని నుంచి ఇంకో పనికి మారడం, లెక్క పట్టుకుని ఉండటం. నువ్వు రాసిందంతా అదే. కానీ ఒక్క మాట. తూముల సంగతులు గుర్తున్నాయని ధైర్యం తెచ్చుకోకు. అల్జీమర్స్‌లో కూడా పాతవి చాలాకాలం మిగులుతాయి, ముందు పోయేది కొత్తవి. నిన్న రాత్రి ఏం తిన్నాడో అడుగు. చెప్పలేకపోతే చిన్న ఆధారం ఇచ్చి చూడు. ఆధారంతో గుర్తొస్తే, విషయం లోపల ఉంది, దారే బాగాలేదన్నమాట. ఇది ఇంటి పరీక్షే, దీంతో జబ్బు తేల్చలేం.

జవాబు 2 (చండూరు టీచరమ్మ)

తమ్ముడూ, మా దిక్కు నడక చెడిందంటే ముందు బోరు నీళ్లనే అనుమానిస్తాం. ఫ్లోరైడ్‌తో వెన్నెముక ఎముకలు మందమై, ఎముకలను కలిపే పట్టీలు గట్టిపడి, వెన్నుపామును నొక్కితే కాళ్లు బిగుసుకుపోతాయి. మా అత్తమ్మకు అట్లనే అయింది, మేమేమో మోకాళ్ల నొప్పులని ఏళ్లు గడిపాం. మీది కాలువ ఊరే, సరే. కానీ మీ నాయిన చిన్నప్పుడు ఎక్కడ పెరిగాడో కనుక్కో. మునుగోడు, మర్రిగూడ వైపైతే వెన్నెముక కూడా చూపించండి. మెదడులో మచ్చలు దొరికాయని నడక తప్పంతా వాటి మీదే వేయొద్దు.

జవాబు 3 (వనపర్తి నర్సు)

మూత్రం ఆపుకోలేకపోతున్నాడా? సిగ్గుపడి చెప్పరు, మీ అమ్మను అడగండి. నడక, మూత్రం, నెమ్మదితనం మూడూ ఉంటే మెదడు గదుల్లో నీరు చేరే జబ్బేమోనని కూడా చూడాలి. ఆ నీరు పోయేటట్టు గొట్టం వేస్తే కొందరికి నడక బాగా తేరుకుంటుంది. న్యూరాలజిస్టుకు స్కాన్ ఫిల్ములే చూపించండి, రిపోర్టు కాగితం చాలదు. బీ12 పరీక్ష, షుగర్ కూడా.

ఉన్న మచ్చలు పోతాయని ఆశ పెట్టుకోవద్దు. పెరగకుండా పట్టుకోవాలి. 2019లో వచ్చిన స్ప్రింట్ మైండ్ పరిశోధనలో ఒక గుంపుకు పై బీపీ 120 లోపు, ఇంకో గుంపుకు 140 లోపు ఉంచారు. దాదాపు నాలుగేళ్లకు మొదటి గుంపులో మచ్చలు సగటున 0.92 ఘన సెంటీమీటర్లు పెరిగితే రెండో గుంపులో 1.45 పెరిగాయి. అట్లాగని మీరే డోసు పెంచకండి. పెద్దవాళ్లకు లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోతే తుంటి విరుగుతుంది. ఎంతకు దించాలో డాక్టరు చెప్పాలి. మానకుండా వేయించడం మాత్రం మీ పని.

తీగ ఒక్కటి తెగితే ఎట్లుంటుందో మా మేనమామను చూశాను. పక్షవాతం తర్వాత మనం చెప్పేది అర్థమయ్యేది, తనంతట తాను గలగలా మాట్లాడేవాడు. ‘ఎద్దులకు నీళ్లు పెట్టాను’ అని మనం అన్నది తిరిగి అనమంటే మాత్రం అనలేడు, నాలుగుసార్లు తడబడి తిట్టేవాడు. మాట వినే చోటునూ పలికే చోటునూ కలిపే ఆర్క్యుయేట్ అనే తీగల కట్ట దగ్గర దెబ్బ అని చెప్పారు. తిట్లు మాత్రం ఎక్కడా తడబడకుండా వచ్చేవి.

ప్రశ్న అడిగినాయన (హాలియా ఎరువుల కొట్టు)

అందరికీ దండాలు. రాత్రి ఏం తిన్నావని అడిగా. చాలాసేపు చూశాడు. నేనే ‘రొట్టె...’ అని అందించా. “జొన్నరొట్టె, టమాట పప్పు. ఉప్పు తక్కువైంది,” అన్నాడు. ఉప్పు సంగతి అమ్మ ఒప్పుకోలేదు గానీ, నిజమే.

నర్సమ్మ చెప్పింది నిజం. ఆర్నెల్ల నుంచి మూత్రం ఇబ్బంది ఉందట, అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. సోమవారం ఫిల్ములు పట్టుకుని న్యూరో డాక్టరు దగ్గరికి పోతున్నాం. పుట్టి పెరిగింది హాలియాలోనే టీచరమ్మా, అయినా వెన్నెముక సంగతి కూడా అడుగుతా.

గోలీకి ఒక ఉపాయం చేశా. డ్యూటీలో పొద్దున, సాయంత్రం కాలువ గేజ్ చూసి, ఎంత నీరు పోతుందో (డిశ్చార్జి) రిజిస్టర్లో రాయడం ఆయనకు అలవాటు. అట్లాంటి నోటుబుక్కే కొనిచ్చి, పక్కన బీపీ మిషన్ పెట్టా. గోలీ వేసుకుని రీడింగు రాయాలి. మొదటి రోజు 168/94 వచ్చింది. చాలాసేపు పట్టింది గానీ చక్కగా రాశాడు. ఎదురుగా ‘డిశ్చార్జి ఎక్కువ, పై ఆఫీసుకు తెలుపవలెను’ అని రాసి సంతకం పెట్టాడు.