లిబెట్ ప్రయోగం తర్వాత కూడా స్వేచ్ఛాసంకల్పం ఉందనగలమా?

కార్యకారణం:
జరిగేదంతా ముందరి కారణాల వల్ల తప్పనిసరిగా జరుగుతుందనే నియతివాదం నిజమైతే "నేనే నిర్ణయించుకున్నా" అనడం ఉత్తమాట. 1983లో మెదడు శాస్త్రవేత్త బెంజమిన్ లిబెట్ బృందం, మీకు తోచినప్పుడు మణికట్టు కదపండి అంది. ఎదురుగా 2.56 సెకన్లకో చుట్టు తిరిగే చుక్క. కదపాలనిపించినప్పుడు అది ఎక్కడుందో చెప్పాలి. కదలికకు 550 మిల్లీసెకన్ల ముందే మెదడులో రెడీనెస్ పొటెన్షియల్ (కదలికకు ముందు మెల్లగా పెరిగే విద్యుత్ సంకేతం) మొదలైంది, కోరిక తెలిసింది మాత్రం 200 ముందు. బుద్ధిః కర్మానుసారిణి అన్నారు. కర్మ తీసేసి న్యూరాన్లు పెట్టుకోండి.

ఈఈజీ గీత:
ఆ సంకేతాన్ని చూపే ఈఈజీ (మెదడు విద్యుత్తును తల మీంచి కొలిచే పద్ధతి) గ్రాఫు ఎలా తయారవుతుందో చూశాక ఇంత ధీమా ఉండదండీ. ఒక్క కదలికలో ఆ సంకేతం కనపడదు, మిగతా రొదలో కలిసిపోతుంది. అందుకే 40 సార్లు చేయించి, కండరం కదిలిన క్షణాన్ని సున్నాగా పెట్టుకుని, అక్కణ్ణుంచి వెనక్కి సగటు తీస్తారు. చిక్కంతా ఇక్కడే. సంకేతం కాస్త పెరిగి, కదలిక రాకుండానే తగ్గిపోయిన సందర్భాలు సగటులోకి రానే రావు. 2012లో ఆరన్ షర్గర్ బృందం ఒక మోడల్ చూపించింది: మెదడులో ఊరికే పైకీ కిందికీ ఊగే హెచ్చుతగ్గులు ఒక హద్దు దాటినప్పుడు చెయ్యి కదులుతుందనుకుందాం. అప్పుడూ వెనక్కి సగటు తీస్తే లిబెట్ వంపే వస్తుంది. అలాగైతే 550 దగ్గర తేలిపోయిన నిర్ణయమేదీ లేదు.

కార్యకారణం:
మరి 2008లో ఎఫ్ఎంఆర్ఐతో (మెదడులో రక్తప్రవాహం మార్పులు చూపే స్కాన్) చేసిన ప్రయోగం? ఎడమ బటనా కుడి బటనా అన్నది ఏడు సెకన్ల ముందే పట్టేశారు కదా.

ఈఈజీ గీత:
పట్టింది సుమారు 60 శాతం. కళ్లు మూసుకుని చెప్పినా 50 వస్తుంది. అది మొగ్గు, తీర్పు కాదు. పైగా ఏ బటన్ నొక్కితే మాత్రం ఏం పోయింది? 2019లో ఉరి మావోజ్ బృందం ఏ సేవాసంస్థకు విరాళం వెళ్లాలో నిజంగానే ఎంచుకోమంది. ఎంపికకు ఫలితం ఉన్నప్పుడు రెడీనెస్ పొటెన్షియల్ దాదాపు మాయమైంది. ఫలితం లేని ఎంపికల్లోనే కనిపించింది.

తర్కశాల:
మిల్లీసెకన్ల గొడవ తేలినా అసలు ప్రశ్న కదలదు. అదే 1983లో తత్వవేత్త పీటర్ వాన్ ఇన్‌వేగన్ వాదంలో వేసిన మెట్లు చూడండి. గతం మన చేతిలో లేదు. ప్రకృతి నియమాలూ లేవు. నియతివాదం ప్రకారం ఆ రెండూ కలిస్తే తప్పక వచ్చేది మన పని, కాబట్టి అదీ మన చేతిలో లేదు. దీనికి ఏ ఎలక్ట్రోడూ అక్కర్లేదు.

మధ్యేమార్గం:
ఆ "కలిస్తే" దగ్గరే 1996లో మెకే, జాన్సన్ అనే తత్వవేత్తలు లోపం పట్టుకున్నారు. ఎగరేయని నాణెం తీసుకోండి. "బొమ్మ పడలేదు" అన్నదాన్ని మార్చడం ఎవరి చేతిలోనూ లేదు, బొమ్మే పడేలా ఎవరూ వేయలేరు కనుక. "బొరుసు పడలేదు" అన్నదీ అంతే. కానీ "రెండూ పడలేదు" అన్నదాన్ని, ఎగరేసి ఎవరైనా మార్చొచ్చు. విడివిడిగా చేతిలో లేనివి కలిపితే చేతిలోకి వచ్చాయి.

తర్కశాల:
ఆ లోపం వాన్ ఇన్‌వేగనే ఒప్పుకుని, "చేతిలో లేదు" అంటే "మనం ఏం చేసినా మారదు" అని బిగించాడు. ఆ రూపానికి మీ నాణెం తగలదు.

మధ్యేమార్గం:
తగలదు, నిజమే. అయితే ఇప్పుడు "ఏం చేసినా" అన్నచోట, మనం చేయగలిగినవి ఏవన్నది మీరు ముందే తేల్చుకుని ఉండాలి. వాదం తేల్చాల్సిందే అది. కోర్టులు ఆ జోలికి పోవు. భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్, మతిస్థిమితం లేనందువల్ల తానేం చేస్తున్నాడో, అది తప్పో కాదో గ్రహించే శక్తి ఆ సమయంలో ఉందా లేదా అనే చూస్తుంది. "ఆపుకోలేకపోయాను" అన్నంత మాత్రాన వదలదు.

కార్యకారణం:
ఆ గ్రహించే శక్తి ఉండటం, లేకపోవడం మాత్రం ఎవరు ఎంచుకున్నారు?