కోటీశ్వరుడు షోలో మజా ప్రశ్నదా, సాగదీతదా?

కాకినాడ కాజా:
2014లో మా టీవీలో నాగార్జున ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ మొదలుపెట్టిన దగ్గర్నుంచి 2021లో జెమినీలో జూనియర్ ఎన్టీఆర్ చేసిన ‘ఎవరు మీలో కోటీశ్వరులు’ దాకా ఒకటే గోల: ఒక్క ప్రశ్నకి ఇంత సాగదీతా అని. నన్నడిగితే ఆ సాగదీత తీసేస్తే మిగిలేది జీకే పేపరే. కాదనేవాళ్లు రండి.

రిమోట్ నాదే:
కాదంటాను. ‘లాక్ చేయమంటారా’ అని మూడుసార్లు అడగడం, బ్రేక్‌కి వెళ్లడం, వచ్చి మళ్లీ ప్రశ్న మొదట్నుంచీ చదవడం. ఇది ఉత్కంఠ కాదు, యాడ్ల లెక్క. అమెరికా ‘జెపర్డీ’ చూడండి. అరగంట షోలో 61 ప్రశ్నలు పెడతారు. హోస్ట్ చదవడం అయ్యేదాకా బజర్ పనిచేయదు, తొందరపడి నొక్కితే పావు సెకను లాక్. ఆ పావు సెకనులో పక్కవాడు తన్నుకుపోతాడు.

లెక్కల మాస్టారు:
పోలిక కుదరదండీ. అక్కడ ముగ్గురి మధ్య పోటీ. ఇక్కడ మనిషికి తన చేతిలో ఉన్న డబ్బుతోనే పోటీ. ప్రశ్న చూశాక కూడా ‘చాలు’ అని లేచిపోవచ్చు, షో అంతా ఆ ఒక్క రూలు మీదే నడుస్తుంది.

10వ ప్రశ్నకి 3,20,000. అక్కణ్ణుంచి 6,40,000, 12,50,000, 25 లక్షలు, 50 లక్షలు, కోటి. ఆ పైన ఎక్కడ తప్పినా 3,20,000కే జారతారు. చేతిలో 12,50,000 ఉండగా 25 లక్షల ప్రశ్న వచ్చిందనుకోండి. తప్పితే పోయేది 9,30,000, కొడితే అదనంగా వచ్చేది 12,50,000. కాగితం మీద 43 శాతం నమ్మకం ఉన్నా ఆడొచ్చు. 50-50 అనే లైఫ్‌లైన్ (సాయం) వాడి రెండు తప్పు ఆప్షన్లు తీయించాక కళ్లు మూసుకుని చెప్పినా 50 శాతం! అయినా చాలామందికి ధైర్యం చాలదు. ఆ 9,30,000 వాళ్లకి అంకె కాదు, ఇంటి అప్పు, కూతురి పెళ్లి. ఆ తర్జనభర్జన కోసమే మనం కూర్చుంటాం, దానికి టైమివ్వాలి. 11వ ప్రశ్నకి మాత్రం సాగదీత శుద్ధ దండగ. ఆగినా 3,20,000, తప్పినా 3,20,000.

ఆప్షన్ డి:
మాస్టారూ, 11లో డబ్బు పోదు గానీ ఆట పోతుంది. లైఫ్‌లైన్ వాడాలా, దాచాలా అనేది అక్కడే తేల్చుకోవాలి. అదీ చూడదగ్గదే.

ఇంతకీ ప్రశ్న రాసినవాణ్ణి అందరూ మర్చిపోయారు. ‘ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి ఎవరు?’ ఆప్షన్లు: టంగుటూరి ప్రకాశం, బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, బూర్గుల రామకృష్ణారావు. జవాబు సంజీవరెడ్డి, 1956. మిగతా ముగ్గురూ ఊరికే పెట్టిన పేర్లు కాదు. ప్రకాశం 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటివాడు, గోపాలరెడ్డి దానికే తర్వాతివాడు, బూర్గుల హైదరాబాద్ రాష్ట్రానికి. ప్రతి తప్పు ఆప్షనూ ఇంకో ప్రశ్నకి సరైన జవాబు కాబట్టి సోఫాలో కూర్చున్నవాళ్లు కూడా వాదించుకుంటారు. ఇందులో ఒక సినిమా హీరో పేరు పెట్టండి, ఆప్షన్లు మూడే అయిపోతాయి. ‘ఆంధ్ర తొలి ముఖ్యమంత్రి’ అని కుదించి రాశారో, ఇద్దరి తరఫునా గొడవే. ఇలాంటి ప్రశ్న ఉంటే హోస్ట్ నోరు మూసుకున్నా చాలు.

రిమోట్ నాదే:
శభాష్. అయినా 1,000 రూపాయల ప్రశ్నకీ 25 లక్షల ప్రశ్నకీ ఒకే డ్రమ్సు వాయిస్తే ఎలా? 1998లో బ్రిటన్‌లో మొదలైన అసలు షోకి కీత్ స్ట్రాకన్, ఆయన కొడుకు మాథ్యూ కట్టిన సంగీతంలో, పై మెట్లకి వెళ్లేకొద్దీ శ్రుతి ఒక్కో స్వరస్థానం పెరుగుతుంది. వినేవాడికి తెలియకుండానే గుండె బిగుస్తుంది. అరుపులక్కర్లేదు.

కాకినాడ కాజా:
ఫోన్ ఎ ఫ్రెండ్ సంగతేంటి మరి? 30 సెకన్లే, సాగదీతే లేదు. ‘ఎలా ఉన్నావు బావా’తో కొన్ని సెకన్లు పోతే, ప్రశ్నా నాలుగు ఆప్షన్లూ చదివేసరికి బావ నోరు తెరిచే టైముకి లైను కట్.
సరే, చిన్న ప్రశ్నలకి సాగదీత వదులుకుంటా. 25 లక్షల దానికి బ్రేక్ పడాల్సిందే.

రిమోట్ నాదే:
పడనీ. వచ్చాక ప్రశ్న మళ్లీ చదవొద్దు.

కాకినాడ కాజా:
మధ్యలో ఛానల్ మార్చి వచ్చినవాడి గతేంటి? అంటే మీ గతి!